వినపడకూడని గొంతు

కుట్టుకొట్టు పైగది నుంచి,
ఆదివారం

తమ్ముడికి అక్క దీవెనలు.

నేను ఇక్కడ క్షేమం, నువ్వు అక్కడ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం బళ్ళో నేర్పారు. ఇద్దరమూ క్షేమంగా లేమని ఇద్దరికీ తెలుసు కాబట్టి ఆ ముక్క వదిలేస్తున్నాను.

ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా "చెప్పక్కా" అని ఊరుకుంటావు. నేనూ ఊరుకుంటాను. అవతల గాలి చప్పుడు వింటూ కూర్చుంటాం. అందుకని కాగితం పట్టుకున్నాను. నాది నాలుగో తరగతి చదువు, తప్పులుంటే నువ్వే దిద్దుకో. కాగితమైతే నువ్వు మధ్యలో పెట్టేయలేవు కదా.

నా కొడుకు పోయి మొన్నటికి అయిదు నెలలు. నిన్న మీ రేసు కార్ల ఇంజన్ మేస్త్రీ ప్యాంటు నడుము వదులు చేయించుకోవడానికి మా కొట్టుకి వచ్చాడు. అరగంట కూర్చుని అన్నీ మాట్లాడాడు గాని నీ మాట ఎత్తలేదు. నేనే అడిగాను. నువ్వు రేడియోల పని మానేశావట, టైర్ల గోదాంలో కూర్చుంటున్నావట. రేడియో చేతికిస్తే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంటున్నావట. ఇంకో మూడు నాలుగు నెలల్లో మళ్ళీ రేసులు మొదలు, ఇన్నేళ్ళుగా డ్రైవర్ల చెవులన్నీ చూసినవాడు ఇలా కూర్చుంటే ఎలాగమ్మా అన్నాడు.

నిన్నొకటి అడగాలని ఉంది. రేసులో ఆ వంపు దగ్గర ఏం జరిగిందో నాకింతవరకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. అంతా క్షణంలో అయిపోయింది, నొప్పి తెలియలేదు అంటారు. నేను నొప్పి సంగతి అడగడం లేదు. వాడి చెవిలో ఆఖరున పడిన మాట ఏమిటి? వాడి చెవి బిరడాలు చేసినవాడివి నువ్వే, నీకు తెలిసి ఉండాలి. మంచి మాటైనా చెడ్డ మాటైనా నాకు కావాలి.

ఇక్కడ సంగతులేమీ లేవు. కింద కొట్లో మిషన్లు ఒంటిగంటకి ఆపుతారు. పైకొచ్చి తలుపు తీస్తే గదిలో ఎవరో అప్పుడే మాట ఆపేసినట్టు ఉంటుంది. పక్కింటివాళ్ళు మొదట్లో వచ్చి కూర్చునేవాళ్ళు. ఇప్పుడు నేను మెట్లెక్కుతుంటే చప్పుడు కాకుండా తలుపు దగ్గరికేసుకుంటున్నారు. వాళ్ళనేమీ అనను. రోజూ ఏం ఓదారుస్తారు, వాళ్ళకి మాత్రం మాటలు ఊరుతాయా.

వేళకి తింటున్నావా.

అక్క

*

టైర్ల గోదాం నుంచి,
గురువారం

అక్కా,

నీ ఉత్తరం వచ్చి తొమ్మిది రోజులైంది. మూడుసార్లు జవాబు మొదలుపెట్టి చించేశాను. నువ్వడిగింది చెప్పకుండా తప్పుకునే దారి దొరకలేదు. చెబుతున్నాను.

ముందు నా పనేమిటో చెప్పాలి. ఇన్నేళ్ళలో నువ్వడగలేదు, నేనూ చెప్పలేదు. రేసు కారులో కూర్చుంటే ఇంజన్ మోతకి పళ్ళు కూడా అదురుతాయి. ఊరికే వింటే ఏడాదిలో చెవులు పోతాయి. ఆ మోతలోనే కంట్రోల్ గదివాళ్ళు చెప్పే మాట డ్రైవరుకి చేరాలి. దానికి రెండు వస్తువులు. నడుముకి కట్టుకునే రిసీవరు మాటని తెస్తుంది. చెవిలో పెట్టుకునే ఇయర్‌పీసు, అదే నీ బిరడా, మోతని బయట ఆపి మాటని లోపలికి పంపుతుంది. మా రిసీవర్లలో మాట కుడిచెవికే వస్తుంది. ఎడమదాని పని మోతని ఆపడం ఒక్కటే. అందరూ రిసీవరు మంచిదేనా అని అడుగుతారు. నేను చెవి చూస్తాను. ఎంత గొప్ప రిసీవరు కొన్నా, ఇయర్‌పీసుకీ చెవికీ మధ్య వెంట్రుకవాసి సందు ఉందంటే దండగే. మోత దూరిపోతుంది, మాట మునిగిపోతుంది.

స్పాంజివి బజార్లో దొరుకుతాయి, ఎవరికైనా పడతాయి, హెల్మెట్ తొడిగేసరికి సగం ఊడి వస్తాయి. అందుకని నేను అచ్చు తీసి చేయిస్తాను. మెత్తటి ముద్ద చెవిలోకి ఎక్కించి, గట్టిపడ్డాక తీస్తే చెవి లోపలి ఆకారం వస్తుంది. దాన్నిబట్టి ఇయర్‌పీసు పోస్తారు. ఒకరిది ఇంకొకరికి పట్టదు. తయారయ్యాక ఒక పరీక్ష. పెట్టుకున్నవాడి వెనక నిలబడి మామూలు గొంతుతో పిలుస్తాను. కన్నతల్లి పిలిచినా వినపడకూడదు. పలికాడంటే అది పనికిరాదు, పారేయాల్సిందే.

మనవాడి వెనక కూడా నిలబడి "ఒరే వాగుడుకాయా, నీకు పెళ్ళి కుదిరిందిరా" అన్నాను. ఉలకలేదు, పలకలేదు. బాగుందనుకున్నాను.

ఆ రోజు వంపు అవతల ఒక కారు ఆగిపోయింది. దుమ్ములో కనపడదు. కంట్రోల్ గది నుంచి మూడుసార్లు చెప్పారు. వేగం తగ్గించండి, కారు ఆగి ఉంది, ఎడమవైపు ఉండండి. ఆ రికార్డు నేను విన్నాను. మిగతా ఎనిమిదిమందీ తగ్గించారు. వాడొక్కడే తగ్గించలేదు. రిసీవరు తర్వాత విప్పి చూశారు, బాగానే పనిచేస్తోంది. అంటే మాట చెవి గుమ్మందాకా వచ్చింది. ఇయర్‌పీసు పట్టలేదు. అది నా పని.

ఎందుకు పట్టలేదో కూడా తెలుసు. అచ్చు తీసేటప్పుడు పళ్ళ మధ్య చిన్న చెక్కముక్క పెట్టి నోరు తెరిపించి ఉంచాలి. దవడ కదిలితే చెవి లోపలి దారి ఆకారం మారుతుంది. వాడు ఆ చెక్కముక్క నోట్లో ఉండగానే జోకులు. ముద్ద కదిలిపోయి రెండుసార్లు చెడింది. మూడోసారి విసుగొచ్చి చెక్కముక్క తీసేసి, "నోరు మూసుకుని కూర్చోరా" అన్నాను. కూర్చున్నాడు. అలాగే తీసేశాను. కారులో వాడెప్పుడైనా నోరు మూసుకున్నాడా అక్కా. వినేవాళ్ళు లేకపోయినా వాగుతూనే నడిపేవాడు.

ఇంకొకటి. బదులు చెప్పే మీట ఉన్న రేడియో కొందామని యజమాని అన్నాడు. నేనే వద్దన్నాను. వీడికి మీట ఇస్తే రేసంతా కబుర్లే అన్నాను. అందరం నవ్వాం, వాడు కూడా. మీట ఉంటే, నాకేమీ వినపడటం లేదు మావయ్యా అని చెప్పేవాడు కదా.

నువ్వడిగినదానికి జవాబు ఇది. వాడి చెవిలో ఆఖరున ఏ మాటా పడలేదు. మోత పడింది.

తింటున్నాను.

తమ్ముడు

*

పైగది నుంచి,
బుధవారం

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. ఇక్కడ వానలు. మెట్ల మీద నీళ్ళు నిలుస్తున్నాయి, చెబితే ఇంటాయన రేపు రేపు అంటాడు.

బళ్ళు తెరిచే రోజులు కదా, కొట్లో పిల్లల బట్టలు కుప్పలు పడ్డాయి. పోయినేడు కుట్టినవి ఈ ఏడు పట్టవు. చంక దగ్గర విప్పడం, అంచు దించడం, పొద్దస్తమానం అదే పని. నిన్న ఒక చొక్కా విప్పబోయి గుడ్డే కోసేశాను. ఏమైంది నీకు అంది కొట్టావిడ. జ్వరం అన్నాను.

వాడి చెవిలో ఉన్నవి ఇప్పుడెక్కడున్నాయి? మీ దగ్గరున్నాయా, ఎవరైనా తీసి దాచారా? ఊరికే అడుగుతున్నాను.

నువ్వు రాసిన ఆ పరీక్ష సంగతి నాకెప్పుడూ తెలియదు. వెనక నుంచి పిలిచే పరీక్ష.

ఒంట్లో బాగుండక ఎక్కువ రాయలేకపోతున్నాను. వేళకి తిను.

అక్క

*

టైర్ల గోదాం నుంచి,
శనివారం

అక్కా,

జ్వరం తగ్గిందా. నెల దాటింది, నువ్వూ రాయలేదు, నేనూ రాయలేదు.

వాడి ఇయర్‌పీసులు లేవు. హెల్మెట్‌తో పాటే పోయాయి, ఎక్కడ ఏమయ్యాయో ఎవరూ చూడలేదు. వాడి చెవి అచ్చులు రెండు మాత్రం నా సొరుగులో ఉన్నాయి, గులాబీరంగువి, బొటనవేలంత. తీసి చూడను.

నేను వెళ్ళిపోతున్నాను. నెలాఖరుకి మానేస్తానని యజమానికి చెప్పేశాను. ఐసు ఫ్యాక్టరీలో గేటు దగ్గర పని చూసుకున్నాను. వచ్చే లారీ, పోయే లారీ. ఎవరి చెవులతోనూ పనిలేదు.

వాడి స్థానంలో కొత్త డ్రైవరు వచ్చింది. ఆడపిల్ల, ఇరవై రెండేళ్ళు. నడపడం చూస్తే ముచ్చటేస్తుంది, వంపులో బండిని వంకాయ తొడిమ పట్టుకున్నంత తేలిగ్గా తిప్పుతుంది. రేడియో ఎంచమని నన్నడిగారు. నేను చెయ్యనన్నాను. స్టోరు గుమాస్తా చేతికి ఇచ్చారు. ఆయనకి పెట్టెలోంచి బోల్టు తీసివ్వడం తెలుసు, చెవి తెలియదు. స్పాంజివి తెప్పించాడు. రిసీవరు కూడా మళ్ళీ వినేదే, చెప్పేది కాదు. ఆ అమ్మాయి హెల్మెట్ పెట్టుకుని దాని పైనుంచి చెవి దగ్గర అరచేత్తో నొక్కుకుంటోంది. ఇయర్‌పీసు జారిందన్నమాట. గుమాస్తా బొటనవేలు ఎత్తి బాగుందా అంటే, తనూ బొటనవేలు ఎత్తింది. గోదాం కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. లేచి వెళ్ళలేకపోయాను.

నేను చేసినా ప్రమాదమే, చెయ్యకపోయినా ప్రమాదమే. చెయ్యకపోతే కనీసం నా చేతులు దూరంగా ఉంటాయి.

తమ్ముడు

*

పైగది నుంచి,
మంగళవారం

తమ్ముడికి,

నువ్వు వెళ్ళిపోవద్దు. నీ తప్పు లేదురా. వాడి నుదుటి రాత అంతే ఉంది, నువ్వేం చేస్తావు, దేవుడు పిలిచినప్పుడు ఏ బిరడా ఆపుతుంది. మీ బావ పోయినప్పుడు వాడికి ఆరేళ్ళు. అప్పటినుంచి మేనమామవో తండ్రివో తెలియకుండా పెంచావు. సైకిలు నేర్పింది నువ్వు, కారెక్కించింది నువ్వు. నీ చేతుల మీదుగా వాడికి చెడు జరుగుతుందా. జరగదు. నేను తల్లిని చెబుతున్నాను, నీ తప్పు లేదు.

ఆ అమ్మాయికి నువ్వే చేసిపెట్టు. ఐసు ఫ్యాక్టరీ చలి నీకు పడదు, చిన్నప్పుడే నీకు ఉబ్బసం.

అక్క

*

టైర్ల గోదాం నుంచి,
బుధవారం

అక్కా,

నుదుటి రాత అని రాయకు. కంట్రోల్ గదివాళ్ళు మూడుసార్లు చెప్పింది నుదుటి మీద కాదు, చెవిలో.

నువ్వు తల్లివి, క్షమించగలవు. నాకు క్షమాపణ వద్దు. నా తప్పు కాదని రుజువు ఎవరి దగ్గరైనా ఉంటే చూపించమను. లేకపోతే నీ తప్పు లేదు అనే ముక్క ఇంకోసారి రాయకు. ఆ ముక్క చదివిన ప్రతిసారీ అచ్చు తీసిన ఆ రోజు మళ్ళీ మొదటినుంచి నడుస్తుంది నాకు.

శనివారం పొద్దున్న బస్సు. పెట్టె సర్దేశాను.

తమ్ముడు

*

పైగది నుంచి,
శుక్రవారం, తెల్లవారాక

తమ్ముడికి,

ఈ ఉత్తరం ఇంజన్ మేస్త్రీ చేతికిచ్చి పంపుతున్నాను. టపాలో వేస్తే నీ బస్సు వెళ్ళిపోతుంది.

రుజువు అడిగావు. నా దగ్గర ఉంది. రెండు నెలలుగా ఉంది.

రేసుకి ముందురోజు సాయంత్రం వాడు భోజనానికి ఇంటికొచ్చాడు కదా. కుడిచెవి లోపల ఎర్రగా కమిలి ఉంది. నువ్వు చేసిన బిరడా ఒకచోట గుచ్చుకుంటోంది. మావయ్యకి చెప్పరా అన్నాను. వద్దమ్మా అన్నాడు. చెబితే మళ్ళీ అచ్చంటాడు, కొత్తది వచ్చేసరికి రెండు వారాలు, ఈ రేసు పోతుంది, ఈ ఒక్కటీ అయ్యాక నేనే చెబుతాను అన్నాడు. నా గడ్డం పట్టుకున్నాడు.

నేను చేసే పనేమిటి తమ్ముడూ. ఎక్కడ బిగుతుంటే అక్కడ వదులు చెయ్యడం. ముప్ఫై ఏళ్ళుగా అదే. గోళ్ళు రాసుకునే ఆకురాయి తీసుకుని, దీపం కింద పెట్టి, గుచ్చుకునే చోట కొంచెం కొంచెంగా అరగదీశాను. పెట్టుకుని చూడమన్నాను. ఇంకొంచెం అన్నాడు. ఇంకొంచెం తీశాను. అప్పుడు హాయిగా ఉందన్నాడు.

రెండు చెవుల్లోనూ పెట్టించి, నేను వాడి వెనక్కి వెళ్ళి మెల్లగా పిలిచాను. వాడు పలికాడు. నేను సంతోషించాను. చెవిలో పెట్టుకునేది కాబట్టి వినపడితే మంచిదే అనుకున్నాను, నాకేం తెలుసు. వాడూ నవ్వి, "మావయ్య కంటే నువ్వే నయమమ్మా, దీంట్లోంచి ఆయన ఎంత అరిచినా వినపడేది కాదు" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

కన్నతల్లి పిలిచినా వినపడకూడదని నువ్వు రాశావు. నేను పిలిచాను. వాడు పలికాడు.

ఆ ఉత్తరం చదివిన రోజే నీకు రాసేయాల్సింది. కలం పట్టుకున్నాను, వాన కురుస్తోందని రాశాను. నిన్ను కూడా పోగొట్టుకుంటే ఇక నాకు ఉత్తరం రాసేందుకు మనిషి లేడు. అందుకు రాయలేదు. నీ తప్పు లేదు అని రాశాను గాని, నా తప్పు ఉంది అని రాయలేదు. రెండోది లేకుండా మొదటిది ఎవరు నమ్ముతారు.

ఇప్పుడు నీ ఇష్టం.

అక్క

*

పైగది నుంచి,
ఆదివారం

తమ్ముడికి,

మూడు వారాలైంది. నువ్వు బస్సెక్కలేదని మేస్త్రీ చెప్పాడు. నీ పెట్టె తాడు కట్టి మంచం కింద అలాగే ఉందట. ఉత్తరం నీ చేతిలో పెట్టాడట, నువ్వు చదివి మడిచి జేబులో పెట్టుకుని టైర్లు ఒకచోటినుంచి ఇంకోచోటికి పేర్చడం మొదలుపెట్టావట, సాయంత్రం దాకా. అంతకుమించి ఆయన చెప్పలేదు. నేను అడగలేదు. ఆయనకి తెలిస్తే ఆయన కూడా ప్యాంటు ఇంకో కొట్టులో ఇస్తాడు.

ఉత్తరాలాయన మా వీధిలోకి పదకొండుకి వస్తాడు. అప్పటికి కొట్టు అరుగు మీదకొచ్చి నిలబడుతున్నాను. లేదమ్మా అని ముందే తల ఊపుతాడు, పాపం, నన్ను చూడగానే సైకిలు కొంచెం తొందరగా తొక్కుతాడు.

కోపం వస్తే తిట్టు. చిన్నప్పుడు నీ పలక పగలగొట్టినప్పుడు తిట్టలేదా, మూడు రోజులు తిట్టావు. నాలుగో రోజు నేను కనపడకపోతే వీధంతా వెతికావు. మంచి మాటే రాయక్కర్లేదు. అక్షరాలు చాలు.

అక్క

*

రేడియో గది నుంచి,
సోమవారం

అక్కా,

కోపం ఉంది. దాచను. నువ్వు అరగదీసినందుకు కాదు. తెలిశాక రెండు నెలలు ఊరుకున్నందుకు. ఆ రెండు నెలలు నేనెలా ఉన్నానో నీకు తెలుసు, నేనే రాశాను. అయినా తిన్నావా అని అడిగావు. ఈ కోపం ఎప్పుడు పోతుందో తెలియదు. ఇంటికి ఇప్పుడే రాలేను. రాగలిగిన రోజున వస్తాను, ముందు రాయను, వచ్చేస్తాను.

నీ ఉత్తరం చదివాక నాలుగైదు రోజులు నాకు హాయిగా ఉంది. ఆ మాట చెప్పడానికి సిగ్గేస్తోంది. నా తప్పు కాదు, అక్కది అనుకున్నాను. తర్వాత ఆ హాయి నిలవలేదు.

రుజువు చేద్దామనుకున్నాను. సొరుగులోంచి వాడి కుడిచెవి అచ్చు తీశాను. దాంతో ఇంకో ఇయర్‌పీసు పోయించి, నువ్వు రాసినట్టే అరగదీసి, మోత పెట్టి చూస్తే ఎంత సందు పడిందో తేలిపోతుంది కదా అనుకున్నాను. పోయించాను కూడా. తీరా చేతిలోకి తీసుకున్నాక, దీన్ని ఎవరి చెవిలో పెట్టి చూడాలి అక్కా. అది ఒక్క చెవికే పడుతుంది. నువ్వెంత అరగదీశావో, ఎంతవరకైతే సందు పడకుండా ఉండేదో, నేను నోరు మూయించి తీసినదాంట్లో ముందే ఎంత సందుందో ఇక ఎవరూ చెప్పలేరు.

ఒకటి మాత్రం తేలింది. నోరు మూయించి తీశాను కాబట్టే వాడు నోరు తెరిచినప్పుడల్లా అది గుచ్చుకుంది. గుచ్చుకుంది కాబట్టే నీ దగ్గరికి వచ్చాడు. నా చేత్తో మొదలైంది నీ చేత్తో పూర్తయింది. ఎవరిది ఎంత అని పంచుకోవడం నాకు చేతకాలేదు. నీకు చేతనైతే పంచు.

రెండు వారాల కిందట గోదాం తాళంచెవులు ఇచ్చేసి రేడియో గదికి వచ్చాను. స్పాంజివి తీసేయించాను. ఆ అమ్మాయికి చెక్కముక్క పెట్టి, నోరు తెరిపించి, రెండు చెవులకీ అచ్చు తీశాను. రేడియో కూడా మార్చాను. బదులు చెప్పే మీట ఉన్నది. చక్రం మీద బొటనవేలికి అందేలా బిగించాను. ప్రతి మాటకీ విన్నాను అని బదులు చెప్పకపోతే కంట్రోల్ గది నుంచి కారు వెనక్కి పిలిపిస్తానని చెప్పాను. గుమాస్తా నవ్వాడు, ఇది రేసా పెళ్ళిచూపులా, ప్రతిదానికీ సరేనండీ అనడానికి అని. అననీ.

ఇయర్‌పీసులు నిన్న వచ్చాయి. వెనక నుంచి పిలిచాను, పలకలేదు. ఎక్కడైనా నొప్పిగా ఉందా అన్నాను. లేదంది. నాలుగు రకాలుగా అడిగాను, నాలుగుసార్లూ లేదంది. వాడినీ ఇలాగే అడిగాను అక్కా. వాడూ ఇలాగే లేదన్నాడు, ఇదే నవ్వు నవ్వి. రేసు తప్పిపోతుందని భయం వాళ్ళకి. నొప్పి ఉందో లేదో నాకెలా తెలియాలి. శుక్రవారం పూర్తి వేగంతో ప్రాక్టీసు. ఆదివారం రేసు.

నీకు చెప్పాడు కదా వాడు. నువ్వేమని అడిగావు? ఏ మాట అంటే చెప్పాడు? అది రాయి. మిగతా సంగతులు తర్వాత.

తమ్ముడు

*

పైగది నుంచి,
మంగళవారం

తమ్ముడికి,

ఈ రోజు ఉత్తరాలాయన సైకిలు దిగి చేతికిచ్చాడు. కొట్టు మెట్ల మీదే కూర్చుని చదివాను. జవాబు ఇప్పుడే రాసి ఆయన తిరిగి వెళ్ళేలోపు ఇస్తున్నాను, రేపటికి నీకు అందుతుంది. అక్షరాలు వంకరగా ఉంటే చూసుకో, ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను.

వాడు నాకూ చెప్పలేదురా. నేను అడగనూ లేదు. నొప్పిగా ఉందా అంటే ఎవరు ఉందంటారు. చిన్నప్పుడు మోకాలు చీరుకుపోయి రక్తం కారుతుంటే కూడా లేదమ్మా అనేవాడు.

అన్నం పెట్టాను. ఎదురుగా కూర్చున్నాను. ముద్ద నోట్లో పెట్టుకుని ఎడమవైపుకి తోసుకుంటున్నాడు. కుడివైపు దవడ ఆడించడం లేదు. మాటలు మామూలే, నవ్వులు మామూలే, ఒక్క చేత్తో అంతా చెబుతూనే ఉన్నాడు. నాలుగు ముద్దలు చూశాను. పన్ను నొప్పేమోనని గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పాను. పన్ను కాదు, చెవి. అప్పుడు దొరికిపోయి, సరేలే అమ్మా అని చెప్పాడు.

అందుకని ఆ అమ్మాయిని ఇంక అడగకు. గురువారం మధ్యాహ్నం ఆ బిరడాలు చెవుల్లో పెట్టించి ఒక గంట అలా తిరగనివ్వు. తర్వాత తీయించి భోజనానికి కూర్చోబెట్టు. మెత్తటిది వద్దు, బాగా నమలాల్సింది ఏదైనా పెట్టించు. నువ్వు కూడా కంచం పెట్టుకుని కూర్చో, లేకపోతే నువ్వు చూస్తున్నావని తెలిసిపోతుంది. రేసు మాట ఎత్తకు. వాళ్ళింట్లోవాళ్ళ సంగతులు అడుగు. కళ్ళలోకి చూడకు, దవడ చూడు. రెండు వైపులా నములుతుంటే సరే. ఒకవైపే నములుతుంటే రెండోవైపు చెవిలో నొప్పి ఉన్నట్టే, నోటితో ఏం చెప్పినా నమ్మకు.

ఒకవైపే అయితే తీసేయి తమ్ముడూ. రేసు పోతుందంటుంది. ఈ ఒక్కటీ అంటుంది. గడ్డం పట్టుకుంటుంది, కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. ఎవరూ సర్దకుండా, ఎవరూ అరగదీయకుండా, తీసేసి మళ్ళీ అచ్చు తియ్యి. నాకు నొప్పి కనిపెట్టడం వచ్చింది గాని, కాదనడం రాలేదు. వాడు బతిమాలితే కరిగాను. నువ్వు కరగకు.

పంచమన్నావు. నాకు అంత లెక్క రాదు. ఉన్నదంతా నా దగ్గరే ఉంచుకుందామని మొన్నటిదాకా అనుకున్నాను, నువ్వు సగం పట్టుకున్నావని ఈ రోజు తెలిసింది. పట్టుకోవద్దని అనను. ఒక్కదాన్నే మోయలేక కూర్చున్నాను ఇన్నాళ్ళూ.

ఇంటికి ఎప్పుడొస్తావని అడగను. గురువారం ఆ అమ్మాయి రెండు వైపులా నమిలితే, ఆ ఒక్క ముక్క కార్డు మీద రాసి పడేయి. ఇంకేమీ రాయకపోయినా సరే.

అక్క